యుద్ధచరిత్ర మేల చదువవలెను?

యుద్ధచరిత్రమును గూర్చి మన యిండ్లలో రెండు విధములైన అభిప్రాయములు కలవు. ఒక యింటివారు దానిని పిల్లల చేతి కందనీయరు. చంపుకొనుటలు, కొల్లగొట్టుకొనుటలు తప్ప అం దేమున్నది, వేఱొక మంచి పుస్తకము చదువరాదా యందురు. మఱియొక యింటివారు దానిని మిక్కిలి ప్రీతితో చదువుదురు. కాని వారికి కావలసినది చరిత్రము గాదు, మీసము దువ్వుకొనుటకు తగిన కథ. తమవారు గెలిచినచో అది శౌర్యము. ఓడినచో అది వంచన. మొదటివారు యుద్ధమును చూడనొల్లక కన్నులు మూసికొనుచున్నారు. రెండవవారు కన్నులు తెఱచియు చూడకున్నారు. ఇరువురును తమ బిడ్డలకు ఒక్క విధమైన నష్టమునే కలిగించుచున్నారని మా తలంపు.

యుద్ధము మనకు దూరమైన విషయమని యనుకొనుటకు వీలులేదు. 2022 ఫిబ్రవరి 24వ తేదీన రష్యా సేనలు యుక్రెయినుపై దండెత్తినప్పుడు, ఆ దేశ మేదిక్కున నున్నదో యెఱుగని గృహిణులకు గూడ ఆ వార్త కొలది దినములలోనే వంటయింటికి వచ్చి చేరెను. పొద్దుతిరుగుడు నూనె ధర పెరిగెను. ఏలయన మన దేశము కొనుచుండిన ఆ నూనెలో అధికభాగము ఆ రెండు దేశములనుండియే వచ్చుచుండెను. వైద్యవిద్యకై అచ్చటికి పోయిన తెలుగుబిడ్డలు నేలమాళిగలలో తలదాచుకొని, చలిలో సరిహద్దులకు నడచి, ఎట్లో యిండ్లకు చేరుకొనిరి. కావున యుద్ధము మన గడప త్రొక్కునా లేదా యనునది ప్రశ్న గాదు. అది వచ్చినప్పుడు దాని ముఖమును గుర్తించు తెలివి మనకు కలదా లేదా యనునదే ప్రశ్న. ఆ తెలివి చరిత్రమువలన గాక మఱి దేనివలన వచ్చును?

ఈ మాటను పరీక్షించుటకు మనము గ్రీసునకో రోమునకో పోనక్కఱలేదు. కృష్ణకును తుంగభద్రకును నడుమ నున్న గద్వాల, ఆలంపురముల సీమను జనులు నడిగడ్డ యందురు. రెండు నదుల నడిమి యీ నేల పడమట రాయచూరు, ముద్గల్లు దాటి పోవును. చరిత్రకారులు దానికి రాయచూరు అంతర్వేది యని పేరిడిరి. కృష్ణ కుత్తరమున వనపర్తి, నాగరుకర్నూలు సీమలు కలవు. 2016లో గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు మూడును మూడు జిల్లాలకు ముఖ్యపట్టణము లయ్యెను. ఈ సీమలో ఏ గుట్ట నెక్కినను ఏదో యొక కోటగోడ కంటబడును. పానుగల్లు, ఖిల్లా ఘనపురము, గద్వాల - ఇవి పెద్దవి మాత్రమే. గద్వాల యను పేరు గద, వాలు అను రెండాయుధముల పేళ్ళనుండి పుట్టినదని అచ్చటి జనులు చెప్పుకొందురు. ఆ వ్యుత్పత్తి నిజమైనను గాకున్నను, జరీయంచు చీరకు దేశమంతట పేరుపొందిన యూరు తన పేరులో కత్తిని వెదకికొన్నదనిన, ఈ నేలలో యుద్ధ మెంతలోతునకు దిగినదో తెలియుచున్నది.

అయితే ఈ నేలయందే పుట్టిన యొక మహనీయుడు యుద్ధచరిత్రమునకు ప్రతికూలముగా గట్టివాదమును వినిపించెను. సురవరము ప్రతాపరెడ్డిగారు 1896లో నడిగడ్డలోని బోరవెల్లి గ్రామమున జన్మించిరి. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. 1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయిరి. 1949లో ప్రకటించిన తమ "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"లో వారు రాజుల వంశావళులను, దండయాత్రలను ప్రక్కకు నెట్టి, జనులు తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆట, నమ్మిన నమ్మకములే నిజమైన చరిత్రమని నిరూపింప బూనిరి. ఆ గ్రంథమునకు 1955లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. తెలుగున ఆ బహుమానమును మొట్టమొదట పొందిన గ్రంథ మదియే. వారి వాదములోని సత్యమును మేము సంపూర్ణముగా అంగీకరింతుము. రాజు లేయే సంవత్సరముల నెవ్వరిని గెలిచిరో వల్లించుటవలన ఏ బాలునకును బుద్ధి వికసింపదు.

కాని దీనినుండి యుద్ధచరిత్రమును విడిచిపెట్టవలెనను సిద్ధాంతము తేలదు. జనుల చరిత్రము చదువువానికి యుద్ధము తప్పించుకొనరాని యధ్యాయము. ఏలయన రాజు గెలిచినను ఓడినను ఆ యుద్ధమునకు వెల చెల్లించినవారు జనులే. కావలసినది యుద్ధమును విడుచుట గాదు, చదువు తీరును మార్చుట. ఏ యుద్ధమును గూర్చి చదివినను నాలుగు ప్రశ్నలు వేసికొనవలెనని మేము మిత్రులకు చెప్పుచుందుము. దానిని కోరినవా రెవ్వరు? దాని ఖర్చు భరించినవా రెవ్వరు? దానిని గూర్చి వ్రాసినవా రెవ్వరు? పిమ్మట మిగిలిన దేమి? నడిగడ్డ చరిత్రమును ఈ నాలుగు ప్రశ్నలతో చదివిచూతము.

మొదటి ప్రశ్నకు 1520వ సంవత్సరపు రాయచూరు యుద్ధము చక్కని సమాధానము చెప్పును. శ్రీకృష్ణదేవరాయలకును బిజాపురపు ఇస్మాయిల్ ఆదిల్‌షాకును జరిగిన యీ యుద్ధమును న్యూనిజ్ అను పోర్చుగీసువాడు విపులముగా వర్ణించెను. రాయలు గుఱ్ఱములు కొనుటకై ఒక వర్తకునకు 40 వేల బంగారు నాణెము లిచ్చి గోవాకు పంపెననియు, అతడు ఆ ధనముతో ఆదిల్‌షా రాజ్యమునకు పాఱిపోయెననియు, షా అతనిని అప్పగింప నిరాకరించుటయే యుద్ధమునకు కారణమయ్యెననియు ఆయన చెప్పును. ఇంతవఱకు చదివి పుస్తకము మూసినవాడు, దొంగ నొకనిని పట్టుకొనుటకు లక్షలాది జనులు కదలిరని నమ్మును. కాని యదే న్యూనిజ్ మఱియొక సంగతియు చెప్పుచున్నాడు. రాయచూరును సాధింపవలెనని సాళువ నరసింహరాయలు తన వారసులకు విధించి పోయెను. చిరకాలముగా నడచుచుండిన సంధిని త్రెంచుటకు కృష్ణరాయలకు ఒక నెపము కావలసియుండెను. వర్తకుని పరుగు ఆ నెపమును సమకూర్చెను.

కారణము వేఱు, నెపము వేఱు. ఈ భేదమును గుర్తించుటయే యుద్ధచరిత్రము నేర్పు మొదటి పాఠము. 1914లో సెరాజెవో నగరమున యువరాజు హత్య జరిగినప్పుడు ఐరోపా రాజ్యములు ఒకదానివెంట నొకటి యుద్ధమున దుమికినవి. ఆ హత్య నెపము. ఏండ్లతరబడి పెంచుకొనిన సేనలు, భయములు, మాత్సర్యములు కారణము. వార్తాపత్రికలో నెపము పెద్ద అక్షరములతో నుండును. కారణమును పాఠకుడే వెదకికొనవలెను.

ఇక రెండవ ప్రశ్న. 1520 మే నెలలో జరిగిన ఆ పోరున రాయల పక్షమున మరణించినవారు 16 వేలకు పైబడిరని న్యూనిజ్ లెక్క చెప్పెను. ఇది గెలిచినవారి నష్టము. ఓడినవారిలో ఎందఱు కృష్ణలో మునిగిపోయిరో లెక్కింప నెవ్వరికిని తీఱికలేదు. ఆ పదునాఱువేల యిండ్లలో ఆ సంవత్సరము నాగలి పట్టినవా రెవ్వరు, అప్పు తీర్చినవా రెవ్వరు అని ఏ గ్రంథకర్తయు వ్రాయలేదు. వ్రాయలేదు గనుకనే మనము ఊహింపవలసియున్నది. సంఖ్యను చదువునప్పుడు ఒక్క నిమిషమైనను ఆగుట చదువరి చేయదగిన కనీసమర్యాద.

యుద్ధభూమిలో మరణించినవారు మాత్రమే ఖర్చు భరించిరని తలపరాదు. రాయచూరు కోటగోడలో 40 అడుగులకు మించిన పొడవు గల యొక శిల కలదు. దానిమీద 1294వ సంవత్సరపు శాసనము చెక్కబడియున్నది. కాకతీయుల సామంతుడైన గోన గన్నారెడ్డి సేనాని విఠలనాథుడు ఆదవాని మున్నగు దుర్గములను సాధించి, రాయచూరున ఈ కోటగోడను కట్టించెనని యందలి విషయము. గోనవారి రాజధాని వర్ధమానపురము. అది నేటి నాగరుకర్నూలు జిల్లాలోని నంది వడ్డెమాను. శాసనము రాజును పొగడును, సేనానిని పొగడును. కాని ఆ గోడమీదనే ఎవ్వడో శిల్పి యొక చిత్రమును గూడ చెక్కినాడు. ఆ మహాశిలను బండి మీద నుంచి, జోడువెంట జోడుగా పశువులను కట్టి, మనుష్యులు చక్రములకు దూలములు మోపి త్రోయుచుండుట అందు కనబడును. అక్షరములు ప్రభువు పేరు చెప్పగా చిత్రము కూలివాని చెమటను చూపుచున్నది. సురవరమువారు కోరిన సాంఘికచరిత్రము కోటగోడమీదనే యున్నది, చూచువాడు కావలెను.

గోనవారి యింటనే మఱియొక విశేషము కలదు. ద్విపదలో రంగనాథ రామాయణమును రచించినవాడుగా ప్రసిద్ధికెక్కిన గోన బుద్ధారెడ్డి ఆ వంశమువాడే. ఆయన కుమార్తె కుప్పాంబిక కాకతీయ సేనానియైన మల్యాల గుండ దండాధీశుని భార్య. భర్త గతించిన పిమ్మట ఆమె ఆయన పేర బూదపురమున గుండేశ్వరాలయమును కట్టించి, 1276లో శాసనము వేయించెను. తెలుగు కవయిత్రులలో మొదటిదిగా ఆమెను పండితు లెన్నుచున్నారు. సేనానుల జయములు వారివారి శాసనములలో నున్నవి. సేనాని భార్య గుడి కట్టించి, దాని శిల మీద భర్త పేరు నిలిపినది. యుద్ధచరిత్రములో స్త్రీ యెక్కడ నున్నదని అడుగు సోదరీమణులకు మా సమాధాన మిది: ఆమె చాలచోట్ల వెనుక మిగిలిన వ్యక్తిగా నున్నది. ఆమె దృష్టితో మరల చదివినగాని ఆ చరిత్రము పూర్తి గానేరదు.

యుద్ధమున కత్తికంటె కఠినమైన శత్రువులు గూడ కలరు. 1417లో బహమనీ సుల్తాను ఫిరోజ్‌షా పానుగల్లు దుర్గమును ముట్టడించెను. రెండేండ్లు గడచినను కోట లొంగలేదు. ముట్టడిసేనలో మహామారి పుట్టి, మనుష్యులును గుఱ్ఱములును లెక్కకు మీఱి నశించినవని ఫెరిష్తా వ్రాసెను. పిమ్మట విజయనగరసేన వచ్చి తాకగా సుల్తాను ఘోరముగా ఓడిపోయెను. గోడ కీవల కూర్చున్నవానిని రోగము ముందుగా గెలిచినది. 1918లో మహాయుద్ధపు సైనికుల రాకపోకలతో లోకమంతట వ్యాపించిన ఇన్‌ఫ్లూయెంజా, యుద్ధభూములలో మడిసినవారికంటె ఎక్కువమందిని బలిగొనెను. మన దేశమందే కోటికి పైగా జనులు దానివలన మరణించిరని చరిత్రకారులు లెక్కవేసిరి. యుద్ధము ఖర్చును సేనల పద్దులో మాత్రమే వెదకువాడు లెక్క తప్పును.

మూడవ ప్రశ్న: వ్రాసినవా రెవ్వరు? ఇప్పుడు చెప్పిన పానుగల్లునే తీసికొందము. అది వనపర్తి దగ్గఱి పానుగల్లని కొందఱు చరిత్రకారులును, నల్లగొండ దగ్గఱి పానగల్లని మఱికొందఱును వాదించుచున్నారు. పేరొక్కటి, ఊళ్ళు రెండు. రాయచూరు యుద్ధమునకు న్యూనిజ్ వ్రాసిన సేనల పట్టికను రాబర్టు స్యూయెల్ 1900లో ప్రకటించిన తన గ్రంథమున కూడిచూపెను. కాల్బలము 7 లక్షలకు పైబడినది, గుఱ్ఱములు 32 వేలకు మించినవి, ఏనుగులు 551. ఈ సంఖ్యను చూచి ఉప్పొంగుటకు ముందు చదువరి యింటి గృహిణిని అడుగవలెను: ఏడులక్షల మందికి ఒక్కపూట సంకటి వండుటకు ఎన్ని పుట్ల జొన్నలు కావలెను? వేసవిలో వారికిని పశువులకును నీ రెక్కడిది? గృహిణి వేయు ఈ లెక్కముందు ఎన్నో వీరగాథలు తలవంచును. న్యూనిజ్ యుద్ధము జరిగిన పదునైదేండ్ల పిమ్మట, విన్నవానిని కూర్చి వ్రాసినాడు. ఆయనను అబద్ధికుడనరాదు; అట్లని ప్రతిసంఖ్యను నమ్మరాదు. వ్రాసినవాని కాలమును, కొలువును, ప్రయోజనమును ఎఱిగి చదువుటయే చరిత్రాభ్యాసము.

మతము పేరిట వ్రాయబడిన యుద్ధకథలయెడ ఈ జాగ్రత్త మఱింత యవసరము. 1565 జనవరి 23వ తేదీన దక్కను సుల్తానులు కలసి రామరాయలను ఓడించిన పోరును రెండు మతముల మహాసంగ్రామముగా వర్ణించు గ్రంథము లనేకములు కలవు. కాని ఆనాడు విజయనగరముపై దండెత్తివచ్చిన గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా ఎవ్వరు? సింహాసన మెక్కకముందు, 1543 మొదలు ఏడేండ్లు, అన్నగారి భయమున విజయనగరమునకు వచ్చి ఆ రామరాయల ఆశ్రయముననే బ్రదికినవాడు. తెలుగు నేర్చినవాడు. తెలుగుకవులు మల్కిభరాముడని ముద్దుగా పిలిచినవాడు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును అంకితమిచ్చినది ఈతనికే. రాయచూరు ముట్టడిలో రాయల పక్షమున తుపాకులు కాల్చినవారు పోర్చుగీసు క్రైస్తవులు. నేలకొఱకు, ధనముకొఱకు, అవమానమునకు ప్రతీకారముకొఱకు జరిగినదానికి పిమ్మట వచ్చినవారు మతము రంగు పులిమిరి. మతమునకు అందు పాత్రయే లేదని మేము చెప్పము. అదియే సర్వమని చెప్పుట అసత్యమని మాత్రము చెప్పుదుము. ఆ యసత్యమును నమ్మి నేటి పొరుగువానిమీద నాటి పగను తీర్చుకొనదలచువాడు యుద్ధచరిత్రమును ఎక్కువగా చదివినవాడు గాడు, తక్కువగా చదివినవాడు.

మన తాతతండ్రుల కాలపు సంగతిని గూడ ఇదే తీరున చూడవలసియున్నది. 1948 సెప్టెంబరు 13వ తేదీన భారతసేనలు హైదరాబాదు రాజ్యమున ప్రవేశించెను; అయిదవ దినమున నిజాము లొంగిపోయెను. సేనలు, టాంకులు, విమానములు పాల్గొనిన ఆ కార్యమునకు పోలీసు చర్య యని పేరు పెట్టబడెను. పేరు పెట్టుటయందే ఎంత రాజకీయము కలదో చదువరులు గమనింతురు గాక. అంతకుముందు రజాకార్లు పల్లెలపై బడి చేసిన ఘాతుకములు మనకు తెలియును. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లి గ్రామమున జరిగిన మారణకాండను తెలంగాణము మఱువలేదు. మఱువరాదు. కాని సేనలు వచ్చిన తరువాత హైదరాబాదు రాజ్యపు పలుజిల్లాలలో నిరపరాధులైన ముస్లిం కుటుంబములు ఊచకోతకు గురియైన సంగతి మన యిండ్లలో ఎందఱు చెప్పుకొనిరి? కేంద్రప్రభుత్వము పంపిన పండిత సుందరలాల్ సంఘము దీనిని విచారించి, తక్కువలో తక్కువ 27 వేలనుండి 40 వేల మంది మరణించియుందురని నివేదించెను. ఆ నివేదిక దశాబ్దుల తరబడి జనుల కంట పడకుండెను.

ఒక దుఃఖమును చెప్పుకొని రెండవదానిని దాచుట చరిత్రము గాదు, వ్యాజ్యము. రెంటిని కలిపి చదివినంతమాత్రమున మొదటి యపరాధము తేలికగాదు. బాధితుని పక్షమున నిలిచినవాడు సయితము రేపు ఎట్లు బాధకుడగునో మాత్రము తెలియును. ఈ యెఱుక చేదైనది. చేదైనను బిడ్డలకు మందు పోయక తప్పదు గదా!

ఇక కడపటి ప్రశ్న: మిగిలిన దేమి? రాయచూరు గెలిచిన పిమ్మట కృష్ణరాయలు, ఆదిల్‌షా స్వయముగా వచ్చి తన పాదమును ముద్దిడినగాని గెలిచిన స్థలములు తిరిగి యీయనని పట్టుపట్టెనని న్యూనిజ్ వ్రాసినాడు. ఆ గర్వపు మాట సుల్తానుల మనస్సులలో నాటుకొని యుండుననుట కష్టముగాదు. 1529లో రాయలు గతించెను. 1530లో ఇస్మాయిల్ ఆదిల్‌షా రాయచూరును, ముద్గల్లును తిరిగి పట్టుకొనెను. 16 వేల ప్రాణములతో కొనిన కోట పదియేండ్లు నిలిచినది. ఆముక్తమాల్యద యింకను నిలిచియున్నది! రాయల గొప్పతనమును తక్కువ చేయుటకు మే మీమాట చెప్పుటలేదు. ఒక్క మనుష్యుని రెండు కార్యములలో ఏది కాలమునకు లొంగినదో, ఏది లొంగలేదో చూపుచున్నాము.

అయితే యుద్ధములనుండి మనుష్యుడు ఏమియు నేర్వలేదనుటయు తప్పే. 1366లో ముద్గల్లు విషయమై బుక్కరాయలకును మహమ్మదుషా బహమనీకిని రేగిన పోరులో స్త్రీలు, శిశువులు సయితము వధింపబడిరి. ఆ ఘోరమునకు విసిగి, ఇకమీద ఆయుధము పట్టని ప్రజలను చంపరాదని ఉభయపక్షములును ఒడంబడిక చేసికొనెనని ఫెరిష్తా చెప్పుచున్నాడు. దానిని పిమ్మట పలుమాఱులు ఉల్లంఘించిరి. అయినను నియమ మొకటి పుట్టినది. ఐరోపాలో 1859నాటి సాల్ఫరీనో యుద్ధభూమిలో దిక్కులేక పడియున్న క్షతగాత్రులను చూచిన హెన్రీ డ్యూనాంటు హృదయము కరగుటవలన 1864లో జెనీవా ఒడంబడిక పుట్టెను. ఈ నియమములు ఆకాశమునుండి ఊడిపడలేదు. ఒక్కొక్క నియమము వెనుక ఒక్కొక్క శ్మశానము కలదు. ఆ శ్మశానమును మఱచిన తరము నియమమును గూడ మఱచును.

నడిగడ్డలో నేటికిని వివాదము ఆఱిపోలేదు. అది నేలనుండి నీటికి మాఱినది. తుంగభద్రమీద రాజోలిబండ ఆనకట్టనుండి వచ్చు కాలువ కర్ణాటకమున కొంతదూరము ప్రవహించి నడిగడ్డకు చేరును. దానిక్రింద తెలంగాణమున 87,500 ఎకరముల ఆయకట్టు నిర్ణయింపబడెను. 1969లో ఏర్పడిన కృష్ణాజలవివాద న్యాయమండలి, బచావత్ గారి యధ్యక్షతన, ఆ కాలువకు 17.1 శతకోటి ఘనపుటడుగుల నీటిని కేటాయించి, అందు 15.9 మన భాగమునకును 1.2 కర్ణాటకమునకును ఇచ్చెను. కాగితముమీది నీరు కాలువ చివరి పొలమువఱకు రాకపోవుట ఆలంపురపు రైతునకు బహుకాలపు వేదన. ఆ వేదన న్యాయమైనది. 2004లో రెండవ న్యాయమండలి ఏర్పడెను. వాదములు సాగుచున్నవి, జాప్యముచే జనులు విసుగుచున్నారు.

కాని యీ విసుగున ఎవ్వరైన నాయకుడు సభలో లేచి, ఆనకట్టమీదికి దండయాత్రయని కేకవేసినప్పుడు, యుద్ధచరిత్రము చదివిన రైతుబిడ్డ ఏమనును? ఇదే నదులకొఱకు, ఇదే నడిమి నేలకొఱకు వందల యేండ్లు కత్తులతో వాదించితిమి. పదునాఱువేల తలలకు పదియేండ్ల తీర్పు వచ్చెను అనును. న్యాయమండలిలో వకీలు తీసికొను రుసుము ఎక్కువే; యుద్ధము తీసికొను రుసుముతో పోల్చినచో అది ధర్మముగా వచ్చినట్లే. కొలతలు చూపి, లెక్కలు అడిగి, తీర్పును అమలుజరుపుమని పట్టుపట్టుట పిఱికితనము గాదు. మన పూర్వులకు దొరకని భాగ్య మది.

తుంగభద్రకు దక్షిణమున, కర్నూలు జిల్లాలో ఎఱ్ఱగుడి యను గ్రామము కలదు. అచ్చటి బండలమీద అశోకుని శాసనములు కలవని 1929లో లోకమునకు తెలిసెను. వానిలో కళింగయుద్ధమును గూర్చిన పదుమూడవ శాసనము గూడ నున్నది. లక్షన్నర మంది చెఱగొనిపోబడిరి, లక్షమంది చంపబడిరి, అంతకు పలురెట్లు మరణించిరి అని గెలిచిన చక్రవర్తియే తన లెక్కను తానే వ్రాసికొని, దానికై పరితపించెను. తమకు హాని కలుగకున్నను, తాము ప్రేమించిన మిత్రులకును బంధువులకును కలిగిన ఆపదచేత నొచ్చినవారి దుఃఖమును గూడ ఆయన ఆ లెక్కలో చేర్చెను. మేము పైని చెప్పిన నాలుగు ప్రశ్నలకును సమాధానమిచ్చిన యుద్ధచరిత్రము మన దేశమున ఇదియే మొదటిది. కాని మఱియొక సంగతి యున్నది. కళింగమందు, ధౌళిలోను జౌగడలోను, ఆయన చెక్కించిన శాసనములలో ఈ పదుమూడవది లేదు. ఎవ్వరిని నొప్పించెనో వారి నేలమీద ఆ మాట లేదు. దూరమున నున్న మన నేలమీద కలదు. పశ్చాత్తాపమునందు సయితము రాజనీతి కొంత మిగిలియుండునని అనుకొనవలెనేమో. ఇట్టి సూక్ష్మములను చూచువఱకు చదివినగాని చదివినట్లు గాదు.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. పిల్లల చేతినుండి యుద్ధచరిత్రమును లాగికొనకుడు. లాగికొనినచో వారు దానిని వెండితెరమీదను, చేతిలోని ఫోనులోను చూతురు. అచ్చట చచ్చినవాడు మరల లేచును, గెలిచినవానికి మచ్చ లేదు. దానికి మాఱుగా వారిప్రక్కన కూర్చుండి చదువుడు. ఎవ్వరు కోరిరి, ఎవ్వరు చెల్లించిరి, ఎవ్వరు వ్రాసిరి, ఏమి మిగిలినదని అడుగుడు. సమాధానము మీకును తెలియనిచో కలసి వెదకుడు. పిల్లవాడు శూరునికథ విని సంతోషించినచో కోపగింపకుడు. ఆ శూరుని గుఱ్ఱమునకు గడ్డి కోసినవాడెవ్వడని మెల్లగా అడుగుడు. చాలును.

గద్వాలకోటను సోమనాద్రి యుద్ధములనడుమ కట్టించెను. నేడు ఆ కోటలోపల మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట ప్రభుత్వకళాశాల నడచుచున్నది. వనపర్తి రాజభవనమున 1959లో పాలిటెక్నిక్ విద్యాలయము వెలసెను. శత్రువు రాకుండ కట్టిన ద్వారమునుండి ఉదయముననే బాలికలు పుస్తకములతో లోపలికి పోవుచున్నారు. ఆ గోడ ఎందులకు కట్టబడెనో, ఎవ్వరి భుజములమీద లేచెనో వారికి తెలిసియుండవలెను. తెలిసినవారే దానిని మరల కోటగా మార్చుమని యెవ్వరైన అడిగినప్పుడు వలదని చెప్పగలరు.